ఆయాసం లేదని వేసిన ఒట్టు

జూన్ 14

ఇవాళ ఒట్టేసి అబద్ధమాడాను.

మధ్యాహ్నం దలాల్ మామా (ఇక్కడ యజమానురాలిని మామా అనే పిలవాలి) వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ చల్లగాలికి నిలబడి అడిగింది. "హుస్నా, మా అమ్మకు మెట్లెక్కితే ఆయాసమొస్తా ఉందా?"

"లేదు మామా."

"వల్లాహ్?"

"వల్లాహ్," అనేశాను. ఆమె నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోయాను.

ఈ కువైట్‌లో అల్లా మీద ఒట్టు టమాటా బేరంలో కూడా వేస్తారు. ఏళ్ళ తరబడి విని విని నా నోటికీ ఆ రోగం అంటుకుంది. రాయచోటిలో మా ఇంట్లో అలా కాదు. పాలు నువ్వు తాగావా పిల్లి తాగిందా అన్న తగువులో కూడా అమ్మీ ఒట్టు వెయ్యనిచ్చేది కాదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమే అని మూతి మీద ఒక్కటి వేసేది.

వస్తోంది. ఆయాసం వస్తోంది. రంజాన్ వెళ్ళిన దగ్గర నుంచి పెద్ద మామా, అంటే దలాల్ మామా వాళ్ళమ్మ, మెట్లెక్కితే మధ్యలో గోడ పట్టుకుంటోంది. పోయినేడు డాక్టరు దలాల్ మామాకూ నాకూ ఇద్దరికీ చెప్పాడు. గుండెలో ఒక వాల్వ్ బిగుసుకుపోతోంది, ఆయాసం మొదలైన రోజే నాకు చెప్పండి, ఆలస్యం చేస్తే ఉన్నట్టుండి ప్రాణం పోవచ్చు అని. నన్ను ఈ ఇంట్లో పెట్టుకున్నదే ఆమెను కనిపెట్టుకుని ఉండటానికి.

మరి ఎందుకు అబద్ధమాడినట్టు? పెద్ద మామా ఆడమంది కాబట్టి. అంతే.

జూన్ 15

అంతే కాదు. సరిగ్గా రాసుకోవాలి, లేకపోతే రేపు నాకే అర్థం కాదు.

ఈ కుటుంబం ప్రతి వేసవికీ ఆస్ట్రియాలో ఒకే కొండ ఊరికి వెళుతుంది. నన్ను ఈ ఏడే మొదటిసారి తీసుకెళుతున్నారు. అక్కడ ఊరి పైన, కొండ మీద ఒక చెరువు ఉందట. పొద్దున బయల్దేరితే చూసి దిగేసరికి సాయంత్రమవుతుందట. ఇంట్లో మగవాళ్ళు, పిల్లలు, అల్లుళ్ళు, చివరికి పక్కింటివాళ్ళు కూడా ఎక్కి చూసి ఫోటోలు దిగి వచ్చారు. హాల్లో గోడ నిండా ఆ ఫోటోలే. పచ్చటి నీళ్ళు, వెనక మంచు. ఏ ఫోటోలోనూ పెద్ద మామా లేదు. ఆమె కింద బెంచీ మీద కూర్చుని సంచులు చూసుకునేది.

"మొదట పిల్లోళ్ళు చిన్నోళ్ళన్నారు. ఆమైన మోకాళ్ళన్నారు. ఇప్పుడు గుండె అంటారు," అంది రాత్రి కాళ్ళు పట్టించుకుంటూ. "ఆయాసమని తెలిస్తే రేపే ఆస్పత్రిలో పడేసి కోస్తారు. ప్రయాణం ఖలాస్. ఈ ఒక్క వేసవి గడవనీ యుమ్మా. వచ్చినాక నేనే చెప్తా, కోసుకోమంటా."

యుమ్మా అని కన్నపిల్లల్ని పిలుస్తారు. అవసరమున్నప్పుడే నన్ను అలా పిలుస్తుందని నాకు తెలియదా? తెలుసు. తెలిసీ కరిగిపోయాను.

నాకైతే ఆ చెరువు మీద ఏ మోజూ లేదు. మా రాయచోటి పక్క చెరువులు లేవా? ఎండిపోయినవే, అయినా చెరువులే.

జూన్ 17

అమ్మీకి ఫోన్ చేశాను. ఎవరో ఒకామె అని చెప్పి అడిగాను, తప్పుడు ఒట్టు వేస్తే ఏం చెయ్యాలని.

"మూడు రోజాలు ఉపవాసముండాల, వరసగా. మధ్యలో ఒకటి తప్పినా మళ్ళా మొదట్నుంచి. అల్లా ముందర ఏడ్చి, తప్పైందని తోబా చేసుకోవాల," అంది. మళ్ళీ తనే, "ఆ ఒకామె బాగుందా?" అని అడిగింది.

బాగానే ఉందన్నాను.

జూన్ 18

రేపటి నుంచి రోజా.

జూన్ 19

దలాల్ మామా అత్తవారు విందుకు వచ్చారు. పనితో కుదరలేదు. రేపటి నుంచి.

జూన్ 24

కుదరక కాదు. అబద్ధం ఇంకా నడుస్తూనే ఉంది కదా. కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టు, ఇప్పుడు రోజా ఉంటే ఏం లాభం?

పెద్ద మామా కాళ్ళకు సాధకం మొదలుపెట్టింది. బయట అడుగు పెడితే మాడిపోయే ఎండ కాబట్టి ఇంట్లో మెట్లే మా కొండ. దలాల్ మామా ఆఫీసుకు వెళ్ళగానే కింది నుంచి మిద్దె మీది నీళ్ళ ట్యాంకుల దాకా ఎక్కడం, దిగడం. లిఫ్ట్ ఉన్న ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు దొంగల్లా మెట్లెక్కుతున్నాం. ఆమె ఊపిరి కనిపెట్టడానికి నేను ఒక పద్ధతి పెట్టాను. మలుపు దగ్గర ఆగి ఖురాన్ మొదట్లో వచ్చే అల్హమ్దు సూరా పైకి చదవాలి. గొంతు తెగకుండా చదివితే పైకి. తెగితే కూర్చోవాలి.

"నా చేత నువ్వు పరీక్ష రాయిస్తావా?" అని తిట్టింది. కానీ చదివింది. రెండో అంతస్తు దగ్గర తెగింది. కూర్చున్నాం.

జూలై 2

సాల్మియా బజారుకు వెళ్ళి బూట్లు, చేతికర్రలు కొన్నాం. ఇంట్లో చెప్పింది కళ్ళద్దాలు మార్చుకోవడానికని. కర్రలు కారు డిక్కీలో పెడుతుంటే డ్రైవరు ఓబులేసన్న ఆమెకు అర్థం కాని మన తెలుగులో అందుకున్నాడు.

"ఏంది హుస్నమ్మా ఈ కత? కొండెక్కే కర్రలు గదా ఇవి?"

"ఆమె ముచ్చట పడిందన్నా."

"ముచ్చట ఆయమ్మది, మెడ నీది. ఆయమ్మకేమన్నా అయితే ఈళ్ళు నిన్నిడ్సిపెడ్తారా? నేను నోరిప్పను గానీ, నువ్వే బాగా ఆలోచన చేసుకో."

చేసుకున్నాను. ఏమైనా అయితే కేసు, జైలు, తర్వాత ఇంటికి. అది కాదు నన్ను పీక్కు తింటున్నది. ఏమైనా అయితే ఆమెను నేను ఒట్టేసి చంపినట్టే. డాక్టరు చెప్పింది నేను విన్నాను. విని లేదన్నాను.

జూలై 6

ఇవాళ ట్యాంకుల దగ్గర కూర్చుండిపోయింది. పెదవులు నేరేడు పండు తిన్నట్టు నల్లబడ్డాయి. వీపు రాస్తూ, యా అల్లా యా అల్లా అనుకుంటూ కూర్చున్నాను. తేరుకున్నాక ఆమె మొదట చేసిన పని పెదవులకు రంగు వేసుకోవడం.

సాయంత్రం దలాల్ మామా గది తలుపు దాకా వెళ్ళాను. లోపల ఆమె టికెట్ల గురించి ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోంది. తిరిగి వచ్చేశాను. రేపు చెబుతాను.

జూలై 9

ఈ మూడు రోజులూ బాగానే ఉంది. మూడో అంతస్తు దాకా గొంతు తెగలేదు. ఆ రోజు ఎండ ఎక్కువై అలా అయి ఉంటుంది. ట్యాంకుల దగ్గర గాలి ఆడదు. నాకే ఆయాసం వస్తుంది అక్కడ.

జూలై 14

విమానాశ్రయంలో దలాల్ మామా మళ్ళీ అడిగింది, అమ్మ బాగానే ఉంది కదా అని. ఈసారి తల మాత్రం ఊపాను. తల ఊపితే ఒట్టు కాదనుకుంటాను.

జూలై 16

ఇక్కడ చలి. జూలైలో స్వెట్టర్! కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ. కొండ అంటే మన రాళ్ళ గుట్ట కాదు, మెడ వెనక్కి వంచితే గానీ కొన కనిపించదు. దీన్ని ఆమె ఎక్కుతుందట.

రోజా మొదలుపెట్టాను. ఇవాళ మొదటిది. అబద్ధం ఆగకపోయినా సరే, కొండ ఎక్కేలోగా ఒట్టు పాపం కడుక్కోవాలి. వచ్చే వారం ఎక్కుదామంది పెద్ద మామా. అప్పటికి మూడూ అయిపోతాయి. ఇక్కడ పొద్దు ఎంతకీ గూకదు, అదొక్కటే కష్టం. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు.

జూలై 17

రెండోది. తల నొప్పి. దలాల్ మామా పిల్లలు పార్కులో పరుగులు పెట్టించారు.

జూలై 20

ఇవాళ లేచి కూర్చోగలిగాను. మొన్న 18న జరిగింది రాసుకుంటాను.

తెల్లారేసరికి పెద్ద మామా నా మంచం పక్కన నిలబడి ఉంది. బూట్లు వేసుకుని, అబాయా నడుము దగ్గర పైకి దోపుకుని, చేతిలో కర్రలతో. "లే. దలాల్ పిల్లలతో సిటీకి పోతా ఉంది, చీకటి పడేదాక రాదు. రేపట్నుంచి వానంట. ఈరోజే. యల్లా."

మూడో రోజా అది. చెప్పి ఉంటే ఆగేదేమో. లేదా ఒక్కతే వెళ్ళిపోయేది. ఒక్కతే వెళ్ళిపోతుందన్న భయంతో నోరు మూసుకున్నాను. అమ్మీ మాట ఒకటి బుర్రలో తిరుగుతోంది, ఒకటి తప్పినా మళ్ళా మొదట్నుంచి అని. ఒక్క రోజే కదా, మా ఊళ్ళో మే నెల రంజాన్‌లో బావుల్లోంచి నీళ్ళు తోడలేదా అనుకున్నాను.

బస్సు దిగిన చోటు నుంచి అడవి. చెట్ల వేర్లు దారికి అడ్డంగా మెట్లలా పరుచుకుని ఉన్నాయి. కాసేపటికే నిటారుగా అయింది. ఆమె కర్ర వేసి ఒక అడుగు, కర్ర వేసి ఒక అడుగు. నేను వెనక, పడితే పట్టుకునేటంత దగ్గరలో. నా కళ్ళు దారి మీద లేవు, ఆమె వీపు మీద ఉన్నాయి. వీపు ఎలా ఎగిరిపడుతోంది, మెడ నరం ఎలా కొట్టుకుంటోంది, అదే చూస్తున్నాను. మొదటి మలుపులో సూరా చదివింది. తెగలేదు. రెండో మలుపులో కొంచెం తెగింది. కూర్చోబెట్టాను. పెదవులు చూశాను. రంగు వేసుకుని వచ్చింది, ఏమీ తెలియలేదు. కొంగు తడిపి ఆమె పెదవులు తుడిచి మరీ చూశాను.

"సిగ్గు లేదా నీకు?" అంది.

"లేదు మామా."

నవ్వింది. పెదవులు బాగానే ఉన్నాయి. ఎక్కాం.

అడవి దాటాక పచ్చిక. మెడలో గంటలు కట్టిన ఆవులు దారికి అడ్డంగా నిలబడి మమ్మల్ని వింతగా చూశాయి. అక్కడ చెక్కతో కట్టిన ఒక టీ కొట్టు లాంటిది ఉంది. ఆమె టీ తాగింది, రొట్టె తింది. నాకు ఇస్తే మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు తాగానని చెప్పాను. ఇంకో అబద్ధం. ఒకటి కడుక్కోవడానికి వెళ్ళి ఇంకొకటి.

తర్వాత చెట్లు లేవు. అంతా రాళ్ళు. దారి కూడా లేదు, రాళ్ళ మీద ఎర్ర రంగు పూసిన గుర్తులే దారి. ఒక చోట బండకు ఇనుప తాడు బిగించి ఉంది, అది పట్టుకుని పక్కకు నడవాలి, కింద లోయ. ఆమె తాడు పట్టుకుని ముందు వెళ్ళింది. కిందికి చూడొద్దు మామా అన్నాను. "నువ్వు చూడొద్దు," అంది. తాడు చివర ఆమె చెయ్యి జారి ఒక క్షణం గాలిలో ఆడింది. మళ్ళీ పట్టుకుంది.

దాటాక కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే ఆమె గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వస్తోంది. ఇంక చాలు, దిగుదాం అన్నాను. బతిమాలాను. కోపం వచ్చి గట్టిగానే అరిచాను, "మీరు చచ్చిపోతే నేనేం కావాలి?" అని. ఇన్నేళ్ళలో ఆమె మీద అరవడం అదే మొదలు. పైనుంచి దిగుతున్న ముసలి దంపతులు నవ్వి, ఆ పెద్ద బండ దాటితే చెరువే అన్నట్టు చేత్తో చూపించారు. బండ కనిపిస్తోంది. దాని వెనక నుంచి చల్లటి గాలి కొడుతోంది. ఆమె లేచి నిలబడి, నేను అడగకముందే సూరా చదివింది. మొదటి నుంచి చివరి దాకా. గొంతు తెగలేదు.

"ఇప్పుడు నువ్వు చదువు," అంది. "నీ మొగం చూసుకున్నావా?"

మొదలుపెట్టాను. మూడో వాక్యం గుర్తు రాలేదు. పుట్టినప్పటి నుంచి చదువుతున్న సూరా, నోటికి రాలేదు. రాళ్ళు తెల్లగా అయిపోయాయి. ఆ తర్వాత నేను కింద పడి ఉన్నాను, ఆమె నా మీదికి వంగి ఉంది.

"నీళ్ళు తాగు."

"వద్దు మామా. రోజా."

"ఏం రోజా? ఈ నెల్లో ఏం రోజా?"

చెప్పేశాను. వంటింట్లో వల్లాహ్ అనడం, అమ్మీ చెప్పడం, మూడు రోజాలు, ఇది మూడోది, ఇది తప్పితే మళ్ళీ మొదటి నుంచి. ఏడుస్తూ చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. తర్వాత తిట్టింది. తిట్లన్నీ నాకు తెలియని అరబ్బీ.

"ఎవురే నీకు చెప్పింది? ఒట్టు తప్పితే ముందు పదిమంది లేనోళ్ళకు కడుపునిండా అన్నం పెట్టాల. అది చేతగానోళ్ళకే రోజా! పైగా ప్రయాణంలో ఉన్నదానివి, కొండెక్కేదానివి. నేను చచ్చిపోతానని నీకు భయమా, నిన్ను చంపుకుంటా ఉన్నావు కదే నా కోసరం!" అని ఖర్జూరం నా నోట్లో కుక్కి, మూసి, పిల్లలకు మందు పోసినట్టు దవడ పట్టుకుని నీళ్ళు పోసింది. రోజా పోయింది. మూడూ పోయాయి.

తర్వాత నిద్రపోయాను. ఎంతసేపో తెలియదు. లేచేసరికి ఎండ కొండకు అవతలి వైపు వెళ్ళిపోయింది. నా నుదుటి మీద తడిగుడ్డ ఉంది, ఆమె వెళ్ళే ముందు వేసి ఉంటుంది. ఆమె పక్కనే కూర్చుని ఉంది. బూట్లు, అబాయా అంచు నీళ్ళతో తడిసి ఉన్నాయి. అర్థమైపోయింది.

"చెరువు బాగుందా మామా?" అన్నాను.

"లే. దిగుదాం. యల్లా," అంది.

టీ కొట్టు దాకా ఎలాగో దిగాం. అక్కడి మనిషి తన బండిలో ఊళ్ళోకి దించాడు.

నేను తప్పు పట్టడం లేదు. అంత దగ్గరికి వచ్చి ఎవరు ఆగుతారు? పనిమనిషి పడిపోయిందని ఇన్నేళ్ళ కోరిక వదులుకుంటారా? నేనైనా వెళ్ళేదాన్నే. తప్పు పట్టడం లేదు.

జూలై 21

హోటల్లో జరిగింది మిగిలిపోయింది.

ఆ సాయంత్రం నాకు వాంతులు. హోటల్ వాళ్ళు డాక్టరును పిలిచారు. నా చేతికి సెలైన్ పెడుతుండగా దలాల్ మామా పిల్లలతో వచ్చింది. పెద్ద మామా గుమ్మంలో బురద బూట్లతో నిలబడి ఉంది. దలాల్ మామా ఆ బూట్లు చూసింది, కర్రలు చూసింది, నన్ను చూసింది.

ఆమె అడగకముందే చెప్పేశాను. "మామా, డాక్టరును నన్ను కాదు, ఆమెను చూడమనండి. రంజాన్ నుంచి ఆయాసం వస్తోంది. పెదవులు నల్లబడుతున్నాయి. నేను మీకు ఒట్టేసి అబద్ధం చెప్పాను."

పెద్ద మామా నా వైపు చూసింది. పాముని చూసినట్టు చూసింది.

డాక్టరు ఆమె గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. వింటూ వింటూ మొహం మార్చాడు. వెంటనే తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించండి, ఈమె కొండెక్కి బతికి రావడమే ఆశ్చర్యం అన్నాడట.

తర్వాత పక్క గదిలో అరుపులు. మధ్యలో ఉన్నది ఒక్క చెక్క తలుపు, అన్నీ వినపడ్డాయి.

"దాన్ని నీకు కాపలా పెట్టినానా, నిన్ను దానికి కాపలా పెట్టినానా? కువైట్ దిగుతానే దాని ఇఖామా పర్మిట్టు క్యాన్సిల్. టికెట్ కొని పంపిస్తా. ఖలాస్!"

పెద్ద మామా గొంతు నెమ్మదిగా వచ్చింది. "అది నా పని చెయ్యలేదని పంపిస్తావా? ఆ పిల్ల నన్ను చెరువు గట్టు దాకా తీసుకపోయింది. వల్లాహ్. నా కండ్లతో చూసినా, నీళ్ళు పచ్చగా ఉన్నాయి. దిగేటప్పుడు పడింది. ఇన్నేండ్లూ మీలో ఒక్కరు కూడా చెయ్యని పని అది చేసింది. దాన్ని పంపితే నేను ఆపరేషన్‌కు రాను."

తర్వాత దలాల్ మామా ఏడుపు వినిపించింది.

నేను పడింది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కాదు. నా కోసం ఆ ఒక్క ముక్క మార్చింది. దానికి రుణపడి ఉంటాను. కానీ నా కళ్ళతో చూసినా అన్నప్పుడు ఆ గొంతులో ఎంత తృప్తి! నేను రాళ్ళ మీద పడి ఉంటే వెళ్ళి చూసి వచ్చిన తృప్తి.

తప్పు పట్టడం లేదు.

జూలై 29

కువైట్. పెద్ద మామా నాతో మాట్లాడటం లేదు. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపిస్తుంది. నేనూ మాట్లాడటం లేదు. మందులిచ్చి బయటికి వస్తున్నాను. దలాల్ మామా నాతో రెండు ముక్కలు అంది, "ఆపరేషన్ అయ్యేదాక ఉండు. ఆమైన చూస్తాం."

ఓబులేసన్నకు అంతా చెప్పాను. "చెప్పి మంచి పని చేసినావు. కానీ ఆయమ్మకు నీ మీద కోపం ఎందుకుండదు? కాపాడినోళ్ళ మీదనే మనిషికి కోపం జాస్తి," అన్నాడు.

"నాకెందుకు కోపమో అడగవేం అన్నా?"

"నీకేం కోపం?"

చెప్పలేదు. పనిమనిషికి అలక ఏమిటని నవ్వుతాడు.

ఆగస్టు 5

ఆపరేషన్ రేపు. తొడ దగ్గర నుంచి గొట్టం పంపి కొత్త వాల్వ్ పెడతారట. నాకు నిద్ర రావడం లేదు.

ఆగస్టు 6

తీసుకెళ్ళేటప్పుడు మంచం పక్కన నడిచాను. నా చెయ్యి పట్టుకుంటుందేమో అనుకున్నాను. పట్టుకోలేదు. తలుపు మూసుకుంది.

ఆగస్టు 6, సాయంత్రం

అయింది. బతికింది.

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దలాల్ మామా పక్కన వచ్చి కూర్చుంది. కాసేపటికి టిష్యూ ఇచ్చింది.

ఆగస్టు 19

మెట్లెక్కింది. ఊరికే, తన ఇష్టానికి. మధ్యలో ఆగలేదు. పెదవులు ఎర్రగా ఉన్నాయి, రంగు లేకుండానే. నేను కింద నిలబడి చూశాను. పైకి వెళ్ళి నా వైపు తిరిగింది, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 28

మధ్యాహ్నం గదిలోకి పిలిచింది. నెల పైన అయ్యాక నా పేరు పెట్టి పిలిచింది.

"సబ్‌హాన్‌లో మీ తమ్ముడుండే రూములో ఎంతమందుంటారు?"

మా తమ్ముడు మునాఫ్ అక్కడ గోడౌన్లో పని చేస్తాడు. వాళ్ళది పెద్ద హాలు. "చాలామంది ఉంటారు మామా. ఎందుకు?"

"రేపు శుక్రవారం. అందరూ రూములోనే ఉంటారు. వాళ్ళకు వండి తీసుకపో. మాంసం తెప్పిస్తా."

నా ఒట్టు గురించని అర్థమైంది. మనసు కొంచెం మెత్తబడింది. పదిమందికి వండుతాను, ఖర్చు నాదే అన్నాను.

"పదిమందికి కాదు. ఇరవై మందికి."

"నాది ఒక్క ఒట్టే కదా మామా. పదిమంది చాలరా?"

"నీ ఒట్టుకు పదిమంది. నా ఒట్టుకు పదిమంది."

"మీరేం ఒట్టేశారు? దిగేటప్పుడు పడ్డానన్నారు, అదేనా? అంత చిన్నదానికి..."

"చెరువు చూసినానని," అంది.

"చూశారు కదా మామా?" అన్నాను.

"చూడలేదే. నువ్వు పడినాక నేను యాడికీ పోలేదు. నీ నోటికాడ చెయ్యి పెట్టుకొని కూర్చున్నా. చెయ్యి తీస్తే నీ ఊపిరి ఆగిపోతుందేమో అని భయం. పక్కన కాలవుంటే గుడ్డ తడిపేదానికి లేచినా, అంతే, మళ్ళా వచ్చి కూర్చున్నా. పచ్చగా ఉన్నాయని చెప్పింది గోడ మీది ఫోటోల్లోది." కిటికీ వైపు తిరిగింది. "చూడకుండానే తిరిగొచ్చినామంటే దలాల్ నిన్ను ఉంచేది కాదు."

"బండ అవతలే కదా మామా, ఒక్క నిమిషం పోయి రావాల్సింది..." అన్నాను.

"పోయుంటే?" అంది కోపంగా. "పోయి నిలబడి ఏం చూస్తాననుకున్నావు? నీళ్ళా?"

నెల పైగా ఆమె మందులు తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టి వచ్చేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను. కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. లే, నాటకాలాపు, మాంసం కొట్టుకు ఫోన్ చెయ్యి అంది. తల మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆగస్టు 29

తెల్లవారుజామునే పొయ్యి వెలిగించాను. మా రాయచోటి మసాలా, ఈ దేశపు పెద్ద గిన్నె. పెద్ద మామా కుర్చీ వేయించుకుని వంటింట్లో కూర్చుంది, కిస్‌మిస్ ఏరుతూ, ఉప్పు తక్కువ, మంట ఎక్కువ అని ప్రాణం తీస్తూ. దలాల్ మామా వచ్చి ఇంత వంట ఎవరికని అడిగింది. ఆపరేషన్ బాగా అయినందుకు లేనోళ్ళకు సదఖా అంది పెద్ద మామా. వల్లాహ్ అని మాత్రం అనలేదు. నేను అటు తిరిగి గిన్నె కలుపుతున్నాను.

గిన్నె కారులోకి ఎక్కించడానికి ఓబులేసన్న వచ్చాడు. మూత తీసి చూసి, వాసన పీల్చి, నా ఉబ్బిన కళ్ళు చూసి గొంతు తగ్గించాడు.

"ఏంది హుస్నమ్మా, ఇంత అన్నం? ఎవురన్నా చచ్చిపోయినారా?"

"ఎవరూ చచ్చిపోలేదన్నా," అన్నాను. "ముందు నువ్వు ఆ పక్క పట్టు. కాలుతుంది, గుడ్డ తీసుకో."